పైన జాగా వదిలిన ఉత్తరం

ఛత్రపురం కచేరీలో కాగితం పని చూసుకుని మధ్యాహ్నం బండికి బరంపురం తిరిగి వస్తున్నాను. మూడో తరగతి పెట్టెలో నా ఎదురుగా ఒకామె ఎండుచేపల గంప కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు నా మొహమే చూసి చివరికి, "నువ్వు మా ఆర్యపల్లి బడిపంతులివి కాదేటి బాబూ?" అని అడిగింది. ఒకప్పుడు అవునన్నాను. అక్కడ నేను పనిచేసింది మూడేళ్లు, అదీ పన్నెండేళ్ల కిందట. నా మొహం గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారంటే నాకే వింతగా ఉంది.

"రాతలప్ప పోనాది బాబూ. తెలిసినాదా?" అంది.

ఆ పేరుగల మనిషిని నేనెరగనన్నాను.

"ఓలమ్మ, ఎరక్కపోవడమేటి! నీ బడి అరుగు మీద కూకునే కదా అచ్చరాలు దిద్దినాది. రంగం కూలికెల్లినోలకి ఊరోలందరి ఉత్తరాలూ ఆమే రాసీది. మొన్న వానల్లో జొరమొచ్చినాది, మూడోనాటికి పోనాది."

పెట్టెలో తక్కినవాళ్లు గంజాం జిల్లా మద్రాసులోనే ఉండాలా, కొత్తగా వస్తుందంటున్న ఒడియా రాష్ట్రంలో కలవాలా అని గొంతులు చించుకుంటున్నారు. ఇంకో రోజైతే నేనూ ఓ మాట వేసేవాణ్ణి. ఆ వేళ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ పోయి ఆరు నెలలు దాటింది. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. తోచడానికి నేనెవర్ని గనక? బరంపురంలో దిగగానే గంపామె జనంలో కలిసిపోయింది. రాతలప్ప పెనిమిటి సంగతి అడగలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

నా కాలంలో ఆవిడకి రాతలప్ప అనే పేరు లేదు. రాత అన్న మాటకీ ఆవిడకీ సముద్రమంత దూరం. అసలు పేరు నాకు తెలుసు గాని రాయను. కట్టుకున్నవాడి పేరు ఒక్కసారైనా నోటితో పలకని మనిషి పేరు నేను కాగితం మీద పెట్టడం బాగుండదు.

అప్పటికి ఆవిడకి ముప్పై దాటి ఉంటాయి. నాకు ఇరవై మూడు. పొద్దున్న ఎండుచేపలు ఛత్రపురంలో అమ్ముకుని, పొద్దు వాలేవేళకి బడి ముందు నుంచి ఇంటికి పోయేది. నాతో పని ఉన్న రోజున ముందు గాలి ఎటు వీస్తోందో చూసేది. గంప వాసన నా మీదికి రాని వైపు చూసి దాన్ని దింపేది. అంత మర్యాద నాకు బరంపురంలో చదువుకున్నవాళ్లలో కూడా కనబడలేదు. తరవాత కొంగుతో చేతులు తుడుచుకుని, అరుగు మీద సముద్రానికి వీపు పెట్టి కూర్చునేది. "రోజూ సూసీదే కదా, దానికేటి మర్యాద" అనేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట ఆ తీరంలో ఆడవాళ్లకి మామూలే. ఆవిడ మాట్లాడాలంటే చుట్ట బయటికి తీసేది, అబద్ధం ఆడాలంటే నోట్లోనే ఉంచుకునేది. ఆ రెండోది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అవుననడానికి మాత్రం చుట్ట తియ్యకుండానే "హఉ" అనేది, ఒడియా బేరాల్లో పట్టుబడ్డ మాట.

ఆ ఊళ్లో నేను ఒంటిగాణ్ణి. బడి పక్క గదిలో ఉండేవాణ్ణి, నా గంజి నేనే కాచుకునేవాణ్ణి. పంతులుగారన్న గౌరవం కొద్దీ ఎవరూ గడప తొక్కేవాళ్లు కాదు. గౌరవంతో చంపడమంటే ఏమిటో అక్కడే తెలుసుకున్నాను. పిల్లలు బడి విడిచి పోయాక దీపాలు పెట్టేదాకా మనిషి గొంతు వినాలంటే ఎవరో ఒకరు ఉత్తరం రాయించుకోవడానికి రావాలి. ఆ ఊరి మగవాళ్లు సగంమంది రంగూనులో కూలికి ఉండేవారు. వాళ్లకది రంగమే. గోపాలపురం రేవులో స్టీమరెక్కి, అక్కడ మేస్త్రీ చేతిలో పడితే ఏళ్ల తరబడి తిరిగి రావడం ఉండదు. ఆవిడ పెనిమిటీ అలాగే వెళ్లాడు.

ఆవిడ కోసం మొదటి ఉత్తరం రాసిన రోజు నాకు బాగా గుర్తు. ఆయన పేరేమిటమ్మా అని అడిగాను. ఆవిడ తల దించుకుంది. ఇంకా ఇళ్లకి పోని పిల్లలు కిసుక్కుమన్నారు.

"సందనం పూసుకుంటాడు సూడు, కొండమీద దేముడు. ఆ దేముడి పేరే."

ఆ దేముడికి పేర్లు రెండున్నాయి. ఒకటి చెబితే తల అడ్డంగా ఊపింది. రెండోది చెబితే "హఉ" అంది. పైన శ్రీ చుట్టి, మహారాజశ్రీ అని ఆ పేరు పెట్టి, దాని కింద ఉభయకుశలోపరి అని నా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, చదివి వినిపించాను.

"ఆ ఉభయ ఏటి బాబూ?"

"ఇక్కడ మేమూ అక్కడ మీరూ బాగున్నాం, ఇక సంగతేమిటంటే, అని."

"అందరం బాగుంటే మరి ఉత్తరమెందుకు?" అని నవ్వింది.

చెప్పవలసినవన్నీ చెప్పేది. గాలి సంగతి, పడవ సంగతి, ఎవరికి పెళ్లయిందో ఎవరికి కాలేదో అన్నీ. అంతా అయ్యాక చుట్ట నోట్లో పెట్టుకుని "గుంట కులాసా అని రాయి" అనేది. నేను "అమ్మాయి కులాసాగా ఉన్నది" అని రాసేసరికి ఆవిడ గంప ఎత్తుకుని లేచిపోయేది. ఆ ఒక్క ముక్క చదివి వినిపించుకోకుండా వెళ్లిపోతోందని నేను గమనించి ఉండవలసింది. గమనించలేదు. నా దస్తూరీ చూసుకుని మురిసిపోతున్నాను.

మురిసిపోవడానికి నాకు మరేం లేదు. కథలు రాస్తానని బరంపురంలో స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పుకుని ఆ ఊరొచ్చినవాణ్ణి. ఏకాంతం దొరికితే రాయడమెంత అనుకున్నాను. అట్ట వేసిన మంచి నోటుపుస్తకం తెచ్చుకున్నాను. దాని మొదటి పేజీలో శ్రీ ఉంది. ఏడాది తిరిగేసరికి కూడా శ్రీ ఒక్కటే ఉంది. మొదటి వాక్యం గొప్పగా ఉండాలి, చదివినవాడు ఉలిక్కిపడాలి అని నా పట్టుదల. అలాంటిది తోచేదాకా పెన్సిళ్లు చెక్కేవాణ్ణి. ఒక రోజు సముద్రం హోరు వంక, ఒక రోజు తలనొప్పి వంక. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే.

"రోజూ ఆ పొత్తం తీస్తావు, మూస్తావు. దానికి గాలి కొడతన్నావేటి?" అని ఆవిడే ఓసారి అడిగింది. నాకు కోపం వచ్చింది. నిజమన్నాక రాక మానుతుందా?

రంగం నుంచి తిరిగొచ్చే ఊరివాళ్ల చేతికిచ్చి ఆవిడ పెనిమిటి ఏటా కూతురికి పరికిణీ గుడ్డ పంపేవాడు. నా రెండో ఏడు ఆకుపచ్చ పూలగుడ్డ వచ్చింది. దారిలో ఆపి నాకు చూపించింది. నిరుటిదానికంటే ఇది మూరెడు పొడుగు. బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరుగారు రాబోతున్న రోజులవి. ఆడపిల్లలు పట్టీలో లేరని పోయినేడు నన్ను చీవాట్లు పెట్టి వెళ్లాడు. నాకు ఆ గుడ్డ చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఎనిమిదేళ్లు వచ్చి ఉంటాయి కదమ్మా, అమ్మాయిని బడికి పంపవేం? కులాసాగా ఉన్న పిల్లని ఇంట్లో కూర్చోబెట్టుకుంటావా? రేపట్నుంచి తీసుకురా" అని పదిమందిలో గట్టిగా అన్నాను.

ఆవిడ గుడ్డ మడత పెట్టి గంపలో వేసుకుని వెళ్లిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లలోంచి ఒక ముసలమ్మ నా దగ్గరికొచ్చి, "ఏ గుంట బాబూ? అది పోయి మూడేళ్లయినాది. అమ్మోరు పోసినాది" అంది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మర్నాడు ఆవిడ వస్తుందనుకోలేదు. వచ్చింది. గాలి చూసుకుని గంప దింపింది. చుట్ట లేదు.

"నీ తప్పేటి నేదు బాబూ. కులాసా అని రాయించినదాన్ని నేనే" అని మొదలుపెట్టి, ఆ వేళ అంతా చెప్పింది. మశూచి వచ్చి పోయిన బిడ్డకి ఏడవకూడదు. ఏడిస్తే అమ్మవారికి కోపమొచ్చి ఇంకో ఇంట్లో అడుగుపెడుతుంది. ఊళ్లో పెద్దలు ఆవిడ నోరు మూయించారు. అమ్మవారి పండగ చేసి సాగనంపేదాకా ఆ కబురు ఊరు దాటించవద్దన్నారు. అప్పుడే పెనిమిటి దగ్గర్నుంచి పిల్ల ఎలా ఉందని ఉత్తరం వచ్చింది. పండగ కానీ, తరవాత చెబుదాంలే అని అప్పటి పంతులు చేత కులాసా అని రాయించింది. పండగ అయింది. రెండో ఉత్తరం వచ్చింది. మొదటిదాన్లో కులాసా అన్న పిల్ల రెండోదాన్లో ఎలా పోయిందని రాస్తుంది?

"సెప్పవలిసిన రోజు దాటిపోతే మరి ఆ మాటకి మొదలు దొరకదు బాబూ" అంది.

నేను రాస్తానన్నాను. నెమ్మదిగా, నొప్పి కలగకుండా రాస్తానన్నాను.

"నువ్వు రాస్తే ఉభయ వొస్తాది. వొద్దు. అబద్దం మీ సేతుల్తో రాయించినాను. ఇది నా సేత్తోనే ఎల్లాల. నాకు అచ్చరాలు సెప్పు."

అలా ఆ అరుగు మీద ఆవిడ చదువు మొదలైంది. చేపలు కోసే చెయ్యి పలక మీద ఎంత బలంగా ఆనేదంటే వారంలో నాలుగు బలపాలు విరిగాయి. అయినా నా పిల్లలు ఏడాదికి నేర్చుకునేది నాలుగు నెలల్లో పట్టేసింది. పలికినట్టే రాసేది. చేప అని దిద్దిస్తే సేప అని రాసి, ఇదే నా సేప అనేది. నేను దిద్దడం మానేశాను. నిజం చెప్పొద్దూ, ఆ నాలుగు నెలలూ నాకు సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది. నా కోసం ఒక మనిషి వస్తోంది. చదువు కోసమే వస్తోందని తెలుసు, అయినా అంతే.

చదువు వచ్చింది గాని ఉత్తరం రాలేదు. కాగితం ముందు పెట్టుకుని ఆవిడ పది రోజులు కూర్చుంది. పైన ఏం పెట్టాలి? శ్రీ పెడితే మళ్లీ అబద్ధం. చావు కబురుకి శ్రీ పెట్టరు. పెట్టకపోతే విప్పీ విప్పగానే అక్కడ చదివేవాడు కీడు కనిపెట్టేస్తాడు, ఆవిడ మాట వినిపించకముందే పెనిమిటి గుండె పగులుతుంది. సరే, శ్రీ మానేసినా తరవాత పేరుండాలి కదా. నోటితో అనని పేరు చేత్తో ఎలా రాస్తుంది, అందులోనూ ఇలాంటి కబురు నెత్తిన? దేముడి పేరు గదమ్మా, రాయి అన్నాను. "దేముడిదైతే రాద్దును. మా మనిసిది" అంది.

ఆ పది రోజులూ అరుగుకి ఈ చివర నేను నా నోటుపుస్తకంతో, ఆ చివర ఆవిడ తన కాగితంతో కూర్చున్నాం. చేపలు పడని రోజున ఒడ్డున కూర్చునే జాలరుల్లా ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లం. నాకు ఆవిడ మీద జాలి వేసేది. నా మీద జాలిపడేవాళ్లెవరూ లేరు గనక ఆ పని కూడా నేనే చేసుకునేవాణ్ణి.

పదకొండో రోజున వస్తూనే కాగితం తీసింది. పై అంచున ఎడమచెయ్యి నాలుగు వేళ్లూ అడ్డంగా ఆనించింది. ఆ వేళ్ల కింద నుంచి రాయడం మొదలుపెట్టింది.

"అదేమిటమ్మా, పైన?"

"జాగా వొదిలేసినాను" అంది, తలెత్తకుండానే. "నా గుంట ఎదురుకాళ్లతో పుట్టినాది బాబూ. మంతరసాని తల కోసం సూసి సూసి, ఇంక రాదని కాళ్లట్టుకుని లాగీసినాది. పుట్టలేదేటి? కేరుమనలేదేటి? అయిదేళ్లు నా ఎనకాల తిరగలేదేటి? ఇదీ అలాగే పుడతాది."

మొదటి మాట మాత్రం నాకు చదివి వినిపించింది. "ఈయేల నెత్తళ్లు ఎండేసినాను. మబ్బు పట్టినాది. మల్లీ ఎత్తీసినాను." అంతే, చిన్న చేపలు ఆరబెట్టి, మబ్బు చూసి తీసేసిన సంగతి. ఇంతోటి దానికా పది రోజులు అనుకున్నాను. అనుకుంటూ ఉండగానే ఆవిడ పెన్సిలు ఆగకుండా నడుస్తోంది. మబ్బు దగ్గర్నుంచి ఎటు తిరిగిందో, ఆ ఎండేసిన చేపల పక్కన కూతురు ఎక్కడ కూర్చునేదో, అక్కణ్ణుంచి ఆ మాట దగ్గరికి ఎలా చేరుకుందో నాకు తెలియదు. నన్ను చదవనివ్వలేదు. కాగితం రెండు వైపులా నిండింది. మధ్యలో ఒకసారి మాత్రం ఆగి, తన చేతికేసి చూసుకుంది. కవరు మీద పేరూ ఊరూ నేను రాశాను. లోపల పైన నాలుగు వేళ్ల మేర తెల్లగానే వెళ్లింది.

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆవిడ రోజూ వచ్చేది. పని లేకపోయినా వచ్చి కూర్చునేది. నేను మరొకరి ముందు ఇలా కూర్చోలేదు ఎప్పుడూ, మాట్లాడకుండా, మొహమాటం లేకుండా. ఆయన ఇక రాయడేమో, అబద్ధమాడిన పెళ్లాం నాకొద్దని అక్కడే ఉండిపోతాడేమో అని ఆవిడ భయం. పైకి అనలేదు. తపాలా మనిషి సైకిలు గంట వినబడితే చుట్ట తీసేసేది.

ఉత్తరం వచ్చిన రోజున విప్పకుండా నా దగ్గరికి తెచ్చింది.

"నేనే సదువుతాను. ఆగిపోతే నువ్వందుకో" అంది.

మేస్త్రీ గుమాస్తా రాసిన గుండ్రటి దస్తూరీ. ఆవిడ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ నాలుగు పంక్తులు నడిచింది. అయిదో పంక్తిలో "గుంట సంగతి నాకు" అన్నచోట వేలు ఆగిపోయింది. నేను కాగితం అందుకుని చదివాను.

"గుంట సంగతి నాకు తెలుసును. ఆ యేడే స్టీమరు దిగిన మన ఊరివాడొకడు చెప్పినాడు. నీవు వ్రాయలేదు గనక నేను అడగలేదు. నీవు చెప్పువరకు గుడ్డలు పంపుదామనుకున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా అమ్మాయి కులాసాగా ఉన్నది అన్నచోట మేస్త్రీగారి చేత రెండుసార్లు చదివించుకునేవాడను."

ఆ వాక్యం రాసింది నేను. ఆలోచించకుండా, దస్తూరీ చూసుకుంటూ, ఎన్నోసార్లు రాశాను. సముద్రానికి అవతల ఒక మనిషి దాన్ని అబద్ధమని తెలిసే రెండేసిసార్లు విన్నాడు.

ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుంది.

"అయితే ఆ మనిసి కూడా ఒక్కడే ఏడిసినాడన్నమాట" అంది.

అని, పట్టపగలు, బడి అరుగు మీద, నెత్తి బాదుకుని గొంతెత్తి ఏడ్చింది. నాలుగేళ్ల ఏడుపు అది. ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. ఎవరూ నోరు మూయమనలేదు. ఆ ముసలమ్మ కూడా పక్కన కూలబడి ఏడ్చింది. చీకటి పడేముందు నలుగురూ కలిసి ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్లారు. గంప అక్కడే మరిచిపోతే నేనే మోసుకెళ్లి ఇచ్చి వచ్చాను.

మర్నాడు ఆవిడ రాలేదు. అలిసిపోయి ఉంటుందనుకున్నాను. మూడోనాడు బడి ముందు నుంచే పోతూ, "బాగున్నావా బాబూ" అని పలకరించి, ఆగకుండా వెళ్లిపోయింది. జవాబు రాసుకోవాలి కదా, ఇంటి దగ్గర కాగితం ఉంది, పెన్సిలు ఉంది. ఇక నాతో ఏం పని? మంచిదే అనుకున్నాను. మంచిదని ఎన్నిసార్లు అనుకున్నా అరుగు మీద ఆవిడ కూర్చునే చోటు మాత్రం ఊడ్చి ఉంచాను.

నాలుగోనాడు పిల్లలు ఇళ్లకి పోయాక అరుగు మీద కూర్చున్నాను. గాలి దక్షిణం నుంచి వీస్తోంది. ఆవిడ వచ్చే వేళయింది. ఆ వేళ దాటిపోయింది. ఎవరితోనైనా ఆ సంగతి చెప్పుకోవాలనిపించింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. నోటుపుస్తకం తీసి, గొప్పగా ఉందో లేదో చూసుకోకుండా, "ఈవేళ కూడా ఆవిడ రాలేదు" అని రాశాను. నా బతుకులో నేను రాసిన మొదటి వాక్యం అది.